డెంగీ టీకాల్లో ఏది ఎవరికి సరిపోతుంది?

డెంగీ టీకా మాట రాగానే చాలామంది మొదట అడిగేది "ఎన్ని శాతం పనిచేస్తుంది?" అని. దానికి జవాబుంది, కింద చెబుతాను. కానీ అంతకంటే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. టీకా వేయించుకోబోయే మనిషికి ఇదివరకు డెంగీ వచ్చిందా, రాలేదా? పోలియో చుక్కలకు గానీ, తట్టు టీకాకు గానీ ఎవరూ ఇలా అడగరు. డెంగీలో మాత్రం ఈ ఒక్క సంగతి మీదే టీకా వల్ల ఎంత మేలు, ఎంత ప్రమాదం అన్నది ఆధారపడి ఉంటుంది. ఈ సంగతి సరిగా తెలియకముందే లక్షలాది పిల్లలకు ఒక టీకా వేసేశారు కూడా.

డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి: డెంగీ-1, 2, 3, 4. ఒక రకం సోకి తగ్గితే ఆ రకం నుంచి చాలా ఏళ్ల పాటు, తరచుగా జీవితాంతం రక్షణ ఉంటుంది. మిగతా మూడింటి నుంచి రక్షణ కొన్ని నెలలకే తగ్గిపోతుంది. ఆ తర్వాత వేరే రకం సోకితే, రక్తంలో ఉన్న పాత యాంటీబాడీలు కొత్త వైరస్‌కు అతుక్కుంటాయి గానీ దాన్ని పనిచేయకుండా ఆపలేవు. అలా యాంటీబాడీ అతుక్కుని ఉన్న వైరస్‌ను కొన్ని రోగనిరోధక కణాలు సులభంగా లోపలికి తీసుకుంటాయి, వైరస్ అక్కడే పెరుగుతుంది. రెండోసారి వచ్చే డెంగీ తరచుగా మొదటిదానికంటే ప్రమాదకరంగా మారడానికి ప్రధాన కారణం ఇదేనని శాస్త్రవేత్తలు చెబుతారు. క్యూబాలో 1977లో డెంగీ-1 వ్యాపించింది. 1981లో డెంగీ-2 వచ్చినప్పుడు 158 మంది చనిపోయారు. అప్పుడు జబ్బు ముదిరినవాళ్లలో అత్యధికులు అంతకుముందు డెంగీ-1 సోకినవాళ్లే.

టీకా దగ్గర చిక్కు ఇక్కడే వస్తుంది. ఎప్పుడూ డెంగీ సోకని పిల్లకు టీకా వేశాం అనుకుందాం. అది నాలుగు రకాలకూ గట్టి రక్షణ ఇస్తే సమస్యే లేదు. అరకొర రక్షణ ఇస్తే మాత్రం శరీరం టీకానే మొదటి డెంగీగా లెక్కేసుకుంటుంది. ఆ తర్వాత దోమ కుట్టి వచ్చే అసలు మొదటి డెంగీ, రెండోసారి వచ్చినట్టు తీవ్రంగా ఉండే ప్రమాదం ఉంది.

డెంగ్‌వాక్సియా: ఎంపికలో లేకపోయినా తెలుసుకోవాల్సిన కథ

సనోఫీ కంపెనీ తయారుచేసిన డెంగ్‌వాక్సియా ప్రపంచంలో అనుమతి పొందిన మొదటి డెంగీ టీకా. 2015 డిసెంబర్‌లో మెక్సికో అనుమతి ఇచ్చింది. ఆరు నెలల ఎడంతో మూడు డోసులు. 2016 ఏప్రిల్‌లో ఫిలిప్పీన్స్ బడి పిల్లలకు వేయడం మొదలుపెట్టి, ఎనిమిది లక్షల మందికి పైగా పిల్లలకు కనీసం ఒక డోసు వేసింది. 2017 నవంబర్‌లో కంపెనీయే కొత్త విశ్లేషణ బయటపెట్టింది. ఇదివరకు డెంగీ రాని పిల్లల్లో ఈ టీకా తర్వాత తీవ్రమైన డెంగీ ప్రమాదం పెరుగుతోందని దాని సారాంశం.

ట్రయల్స్‌లో 9 నుంచి 16 ఏళ్ల పిల్లలను ఐదేళ్లు గమనించాక తేలిన లెక్క వెయ్యి మందికి ఇలా ఉంది. ఇదివరకు డెంగీ వచ్చినవాళ్లలో టీకా వేయించుకుంటే సుమారు 4 మంది ఆసుపత్రి పాలయ్యారు, వేయించుకోకపోతే సుమారు 19 మంది. ఇదివరకు రానివాళ్లలో లెక్క తిరగబడింది. వేయించుకున్నవాళ్లలో దాదాపు 16 మంది, వేయించుకోనివాళ్లలో 11 మంది. చేసిన మేలుతో పోలిస్తే కీడు చిన్నదే. కానీ ఆరోగ్యంగా ఉన్న పిల్లకు మనం చేతులారా వేయించే మందు విషయంలో ఆ చిన్న కీడును కూడా తేలిగ్గా తీసుకోలేం. తల్లిదండ్రుల భయాన్ని నేను అస్సలు తప్పుపట్టను. ఆ భయం డెంగీ టీకాతోనూ ఆగలేదు. ఫిలిప్పీన్స్‌లో మిగతా టీకాల మీద కూడా నమ్మకం సన్నగిల్లింది. 2019లో అక్కడ తట్టు పెద్ద ఎత్తున వ్యాపించడానికి అదీ ఒక కారణం.

2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, రక్తపరీక్షలో పాత డెంగీ రుజువైనవాళ్లకే ఈ టీకా వేయడం మేలని చెప్పింది. 2019లో అమెరికా కూడా అదే షరతుతో అనుమతించింది. పరీక్ష చేసి వేయడం ఆచరణలో కష్టమై డిమాండ్ పడిపోయింది, కంపెనీ తయారీ ఆపేసింది. కాబట్టి ఇప్పుడు ఎంచుకోవడానికి ఇది లేదు. అయినా ఇంత చెప్పడానికి కారణముంది. "డెంగీ టీకా ప్రమాదం" అని వినిపించే మాటల్లో చాలా భాగం ఈ టీకా గురించే. అవే మాటలు మిగతా టీకాలకు వర్తిస్తాయో లేదో దేనికి దానికి విడిగా చూడాలి.

క్యూడెంగా: ఇప్పుడు ఎక్కువ దేశాల్లో దొరికేది

ఇది జపాన్‌కు చెందిన టకేడా కంపెనీది. మూడు నెలల ఎడంతో రెండు డోసులు. 2022 ఆగస్టులో ఇండోనేషియా, డిసెంబర్‌లో యూరోపియన్ యూనియన్, 2023 మార్చిలో బ్రెజిల్ అనుమతించాయి. 2024 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత ఇచ్చింది, అంటే నాణ్యత, భద్రత చూసి ఐక్యరాజ్యసమితి సంస్థలు కొనవచ్చని ఒప్పుకుంది. 2024 ఫిబ్రవరిలో బ్రెజిల్ దీన్ని ప్రభుత్వ కార్యక్రమంలో ఉచితంగా వేయడం మొదలుపెట్టింది. డోసులు తక్కువగా ఉండటంతో 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు మొదటి అవకాశం ఇచ్చింది.

తయారీలో డెంగ్‌వాక్సియాకూ దీనికీ అసలైన తేడా ఉంది. డెంగ్‌వాక్సియాకు ఆధారం ఎల్లో ఫీవర్ టీకా వైరస్. దానికి డెంగీ పైతొడుగు ప్రోటీన్లు తగిలించారు, లోపలి ప్రోటీన్లు ఎల్లో ఫీవర్‌వే. క్యూడెంగాకు ఆధారం బలహీనపరిచిన డెంగీ-2 వైరస్. అందువల్ల శరీరానికి డెంగీ లోపలి ప్రోటీన్లు కూడా పరిచయం అవుతాయి, టి-కణాలకు (ఇవీ ఒక రకం రోగనిరోధక కణాలే) వాటిని గుర్తుపట్టే అవకాశం దొరుకుతుంది. డెంగీ-2 మీద ఈ టీకా మిగతా రకాలకంటే బాగా పనిచేయడం కూడా అందుకే ఆశ్చర్యం కాదు.

దీని పెద్ద ట్రయల్ లాటిన్ అమెరికా, ఆసియాల్లోని ఎనిమిది దేశాల్లో 4 నుంచి 16 ఏళ్ల పిల్లలు 20 వేల మందికి పైగా పాల్గొన్నది. రెండో డోసు తర్వాత ఏడాదికి, జ్వరంతో బయటపడే డెంగీ నుంచి రక్షణ 80.2 శాతం. నాలుగున్నరేళ్లకు అది 61.2 శాతానికి దిగింది. ఆసుపత్రిలో చేరాల్సిన డెంగీ నుంచి రక్షణ మాత్రం నాలుగున్నరేళ్లకూ 84.1 శాతం ఉంది.

61 చూసి పెదవి విరిచేవాళ్లుంటారు. నేనైతే 84నే ముందు చూస్తాను. డెంగీలో మనకు అసలు భయం నాలుగు రోజుల జ్వరం కాదు. జ్వరం తగ్గాక రక్తనాళాల నుంచి ద్రవం కారిపోయి బీపీ పడిపోవడం, రక్తస్రావం, ఐసీయూ. ఆ స్థితికి చేరకుండా ఆపగలిగితే టీకా తన పని చేసినట్టే. శాతం అర్థం కూడా ఒకసారి సరిగా చెప్పుకోవాలి. 84 శాతం రక్షణ అంటే టీకా వేసుకున్న వందమందిలో 16 మంది ఆసుపత్రిలో చేరతారని కాదు. టీకా లేకపోతే వందమంది చేరాల్సిన చోట, అంతే సంఖ్యలో జనం టీకా వేయించుకుంటే సుమారు 16 మంది చేరతారని.

ఇక మొదటి ప్రశ్న దగ్గరికి వద్దాం. ఇదివరకు డెంగీ వచ్చిన పిల్లల్లో ఆసుపత్రి పాలవకుండా రక్షణ సుమారు 86 శాతం, రానివాళ్లలో సుమారు 79 శాతం. అంటే మొత్తంగా చూస్తే డెంగ్‌వాక్సియాలో లెక్క తిరగబడినట్టు ఇక్కడ కనిపించలేదు. అయితే ఈ "మొత్తంగా" అన్న మాట లోపల ఒక లొసుగు ఉంది. రకాలవారీగా విడదీస్తే, ఇదివరకు డెంగీ రానివాళ్లలో డెంగీ-2 మీద రక్షణ బలంగా ఉంది, డెంగీ-1 మీద ఓ మాదిరిగా ఉంది, డెంగీ-3 మీద రక్షణే కనిపించలేదు. డెంగీ-4 కేసులు చాలా తక్కువ రావడంతో దాని గురించి ఏదీ తేలలేదు. ప్రమాదం పెరుగుతుందని రుజువు కాలేదు, పెరగదనీ రుజువు కాలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఈ సందిగ్ధాన్ని దృష్టిలో పెట్టుకునే సలహా ఇచ్చింది. డెంగీ ఉధృతంగా ఉండే ప్రాంతాల్లో 6 నుంచి 16 ఏళ్ల పిల్లలకు వేయమంది. ముందుగా రక్తపరీక్ష అక్కర్లేదంది. అలాంటి చోట ఆ వయసుకే చాలామంది పిల్లలకు ఒకసారి డెంగీ సోకి ఉంటుంది కాబట్టి మేలు చాలా ఎక్కువ, సందేహం వర్తించే పిల్లలు తక్కువ. డెంగీ అంతగా లేని చోట ఈ తూకం మారిపోతుంది. ఈ తర్కం నాకు సరిగ్గానే అనిపిస్తుంది. కాకపోతే మీ పిల్లకు వేయించేటప్పుడు డాక్టర్‌ను "ఇక్కడ ఈ మధ్య ఏ రకం డెంగీ తిరుగుతోంది?" అని అడగడంలో తప్పులేదు.

బుటాన్‌టాన్ టీకా: ఒక్క డోసు

బ్రెజిల్‌లోని సావోపాలోకు చెందిన బుటాన్‌టాన్ సంస్థ తయారుచేసిన టీకాకు 2025 నవంబర్‌లో బ్రెజిల్ ఔషధ నియంత్రణ సంస్థ అన్వీజా అనుమతి ఇచ్చింది, 12 నుంచి 59 ఏళ్ల వారికి. దీని మూలం అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో అభివృద్ధి చేసిన వైరస్‌లు. నాలుగు రకాల వైరస్‌లనూ జన్యుపరంగా బలహీనపరిచి వాడారు. అదే మూలం మీద ఆధారపడ్డ మరో టీకాకు భారత వైద్య పరిశోధన మండలి, పనాసియా బయోటెక్ కలిసి 2024లో మూడో దశ ట్రయల్ మొదలుపెట్టాయి.

బ్రెజిల్ ట్రయల్‌లో 2 నుంచి 59 ఏళ్ల మధ్య 16 వేల మందికి పైగా ఉన్నారు. రెండేళ్లకు మొత్తం రక్షణ 79.6 శాతం. ఇదివరకు డెంగీ వచ్చినవాళ్లలో 89.2, రానివాళ్లలో 73.6. రానివాళ్లలో అంత రక్షణ, అదీ ఒక్క డోసుతో, నిజంగా మంచి వార్త. ఒక్క డోసు అనేది చిన్న సౌకర్యం కాదు. రెండో డోసుకు రానివాళ్ల సంఖ్య ఏ టీకా కార్యక్రమాన్నయినా దెబ్బతీస్తుంది. జబ్బు విజృంభిస్తున్నప్పుడు మూడు నెలలు ఆగే తీరిక కూడా ఉండదు.

అయితే ఆ రెండేళ్లలో బ్రెజిల్‌లో తిరిగింది డెంగీ-1, డెంగీ-2 మాత్రమే. డెంగీ-1 మీద 89.5 శాతం, డెంగీ-2 మీద 69.6 శాతం వచ్చాయి. డెంగీ-3, డెంగీ-4 కేసులు ట్రయల్‌లో రాలేదు. టీకా వాటిని ఆపేసిందని కాదు, పరీక్షించే అవకాశమే రాలేదని అర్థం.

ఈ కారణంగానే క్యూడెంగా 61, బుటాన్‌టాన్ 80 అని పక్కపక్కన రాసి "ఇదే మేలు" అని తేల్చే పోస్టులను నేను నమ్మను. ఒకటి నాలుగున్నరేళ్ల లెక్క, ఇంకొకటి రెండేళ్లది. ఒకటి ఎనిమిది దేశాల్లో నాలుగు రకాలూ తిరిగిన చోట జరిగింది, ఇంకొకటి ఒకే దేశంలో రెండు రకాలతో. ఒకటి పిల్లల మీద, ఇంకొకటి పెద్దల్ని కూడా కలిపి. రెండింటినీ ఒకే చోట ఒకేసారి పోల్చకుండా ఏది గెలిచిందో చెప్పలేం. వైరస్ రకం, గడిచిన ఏళ్లు, పాత డెంగీ ఈ మూడూ చెప్పని శాతాన్ని పక్కన పెట్టేయడమే మంచిది.

భద్రత మాటేమిటి?

క్యూడెంగా వేయించుకున్నవాళ్లలో దాదాపు సగం మందికి సూది గుచ్చిన చోట నొప్పి, మూడోవంతు మందికి తలనొప్పి, ఇంచుమించు అంతే మందికి ఒళ్లు నొప్పులు వస్తాయి. జ్వరం పదిమందిలో ఒకరికి. ఇవి రెండు మూడు రోజుల్లో తగ్గిపోతాయి. రెండో వారంలో కొందరికి మళ్లీ ఒళ్లు నొప్పులు, దద్దుర్లు కనిపించవచ్చు. టీకాలోని బలహీన వైరస్ కొన్ని రోజులు రక్తంలో తిరగడం వల్ల అలా జరుగుతుంది. ఈ సంగతి ముందే తెలిస్తే టెన్షన్ పడరు. బుటాన్‌టాన్ టీకాలోనూ దద్దుర్లు, తలనొప్పి, నీరసం ఇలాగే ఉంటాయి. చాలావరకు స్వల్పంగానే.

తీవ్రమైన అలర్జీ, అంటే అనాఫిలాక్సిస్, బ్రెజిల్‌లో క్యూడెంగా విస్తృతంగా వేయడం మొదలయ్యాక అరుదుగా నమోదైంది. చాలావరకు సూది వేసిన కాసేపటికే బయటపడేవి. అందుకే వేశాక అక్కడే కూర్చోబెడతారు. ఆ సమయం పూర్తికాకుండా లేచి వెళ్లిపోకండి.

ఈ రెండూ బతికున్న వైరస్‌తో చేసిన టీకాలు. కాబట్టి గర్భిణులకు వేయరు. క్యూడెంగా పాలిచ్చే తల్లులకూ వేయరు. వేయించుకున్నాక కనీసం ఒక నెల గర్భం రాకుండా చూసుకోవాలి. కీమోథెరపీ, ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లు, అవయవ మార్పిడి మందులు వాడేవాళ్లకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకు ఇవి పనికిరావు. ఈ మధ్య రక్తం లేదా ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించుకున్నవాళ్లు కొన్ని వారాలు ఆగాలి. లేకపోతే అందులోని యాంటీబాడీలు టీకాను పనిచేయనివ్వవు.

ఎవరు ఏం చేయాలి

డెంగీ ప్రతి ఏడూ విజృంభించే చోట ఉండే 6 నుంచి 16 ఏళ్ల పిల్లలకు క్యూడెంగా అందుబాటులో ఉంటే వేయించమనే నా సలహా, ముఖ్యంగా ఒకసారి డెంగీ వచ్చి ఉంటే. వాళ్లకు రెండోసారి వచ్చేదే ప్రమాదం, టీకా రక్షణ ఎక్కువగా ఉండేదీ వాళ్లకే. "ఒకసారి వచ్చిందిగా, ఇంక టీకా దేనికి?" అనే మాట సరిగ్గా తలకిందుల ఆలోచన. అయితే జబ్బు తగ్గిన వెంటనే వేయించకూడదు. బ్రెజిల్‌లో ఆరు నెలలు ఆగమంటారు.

షుగర్, బీపీ, సికిల్ సెల్ లాంటి దీర్ఘకాలిక జబ్బులున్న పెద్దలకు డెంగీ వస్తే ముదిరే అవకాశం ఎక్కువ. డెంగీ ఉన్న దేశాల్లో అలాంటివాళ్లకు 60 ఏళ్ల వరకు క్యూడెంగా ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. 60 దాటినవాళ్లలో సమాచారం తక్కువ. అక్కడ నిర్ణయం వాళ్ల డాక్టర్‌దే కావాలి.

డెంగీ లేని చోటి నుంచి ప్రయాణం వెళ్లేవాళ్ల సంగతి వేరు. బ్రిటన్, జర్మనీ నిపుణుల కమిటీలు ఇదివరకు డెంగీ వచ్చిన ప్రయాణికులకే క్యూడెంగా సూచిస్తున్నాయి. ఎప్పుడూ రానివాళ్లు రెండు వారాల ప్రయాణం కోసం డెంగీ-3 సందేహం ఉన్న టీకా వేయించుకోవడం కంటే, పగటిపూట ఒళ్లంతా కప్పే బట్టలు, దోమల మందు నమ్ముకోవడమే నాకు సబబుగా తోస్తుంది. ఏళ్ల తరబడి ఉండటానికి వెళ్తున్నవాళ్లు డాక్టర్‌తో మాట్లాడి లెక్క మళ్లీ వేసుకోవాలి.

ఇదివరకు డెంగీ వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది? డెంగీ సోకినవాళ్లలో చాలామందికి లక్షణాలే ఉండవు, అందుకే జ్ఞాపకం ఒక్కటే చాలదు. పాత ల్యాబ్ రిపోర్టులో ఎన్‌ఎస్‌1 లేదా పీసీఆర్ (జ్వరం ఉన్నప్పుడు రక్తంలో వైరస్‌నే పట్టే పరీక్షలు) పాజిటివ్ ఉంటే అది గట్టి రుజువు. లేకపోతే పాత యాంటీబాడీలను వెతికే ఐజీజీ రక్తపరీక్ష ఉంది. జికా సోకినవాళ్లలో, ఎల్లో ఫీవర్ లేదా జపనీస్ ఎన్‌కెఫలైటిస్ టీకా వేయించుకున్నవాళ్లలో ఈ పరీక్ష తప్పుగా పాజిటివ్ చూపించవచ్చు. ఆ సంగతి ముందే ల్యాబ్‌కు చెప్పాలి.

టీకాకు బదులు ఏమైనా ఉందా అని అడిగేవాళ్లకు ఒక్క మాట. ఇండోనేషియాలోని యోగ్యకర్తాలో వోల్బాకియా అనే బ్యాక్టీరియా ఉన్న దోమలను (వీటిలో డెంగీ వైరస్ సరిగా పెరగదు) వదిలిన ప్రాంతాల్లో డెంగీ 77 శాతం తగ్గింది. ఆ ట్రయల్ ఫలితాలు 2021లో వచ్చాయి. అది ఎవరికి వారు కొనుక్కునేది కాదు, ఊరు మొత్తం కలిసి చేయాల్సింది. టీకాకు పోటీ కూడా కాదు, రెండూ కలిస్తేనే బలం.

క్యూడెంగా రెండో డోసు ఆలస్యమైతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు, వీలైనంత త్వరగా వేయించుకుంటే చాలు. బూస్టర్‌ను ఇంతవరకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేయలేదు.

టీకా తర్వాత జ్వరం వస్తే "నాకు టీకా ఉందిగా" అని ఊరుకోకండి. పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబూప్రోఫెన్ వేసుకోకండి. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత ఇవి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరం తగ్గిన రోజే ఇవి మొదలయ్యే అవకాశం ఎక్కువ. అక్కడ టీకా వేయించుకున్న తేదీ తప్పకుండా చెప్పండి. వేయించుకున్న మొదటి కొన్ని వారాల్లో టీకా వైరస్ వల్లే డెంగీ పరీక్ష పాజిటివ్ రావచ్చు. తేదీ తెలియకపోతే అది టీకా వల్లో, దోమ వల్లో డాక్టర్‌కు తేల్చుకోవడం కష్టమవుతుంది.